బోరులో నీళ్లు తగ్గాయా? బోరు బండిని పిలిచే ముందు ఇది చూడండి

హైదరాబాద్ చుట్టుపక్కల రాతినేలలో ఇంటి బోర్లకు మోటార్లు దించడం, తీయడం నా పని. ఎండలు ముదిరితే వచ్చే ఫోన్లన్నీ ఒకటే: "అన్నా, బోరు ఎండింది, కొత్తది వేయించాలి." ఎన్ని నీళ్లు వస్తున్నాయో కొలిచారా అంటే ఒక్కరూ చెప్పరు.

ముందు కొలవండి. పైపు కింద 20 లీటర్ల బకెట్ పెట్టి ఎన్ని సెకన్లలో నిండుతుందో చూడండి. ధార ఎంతసేపు అలాగే ఉంటుందో కూడా చూడండి. అసలు సంగతి అక్కడే తేలుతుంది.

పది నిమిషాలు బాగా వచ్చి, గాలి తన్ని ఆగిపోయి, కాసేపు ఆపి వేస్తే మళ్లీ వస్తోందా? అయితే ఊట తగ్గింది. ఆరున్నర ఇంచుల బోరులో అడుగుకు సుమారు ఆరున్నర లీటర్లు నిలుస్తాయి. 100 అడుగుల నీళ్లంటే 650 లీటర్లే, మీరు తోడుతున్నది ఆ నిల్వే. మోటారు కింద లోతు మిగిలుండి, అంత ఎత్తుకు తోసే శక్తి మోటారుకు ఉంటే ఇంకో రెండు పైపులు దించండి. లేదంటే విడతలుగా నడపండి. నీళ్లు లేకుండా తిప్పితే మోటారు కాలుతుంది.

మొదటి నిమిషం నుంచే సన్నగా, గంటైనా ఆగకుండా అంతే వస్తోందా? ఇక్కడే నేను దెబ్బతిన్నాను. ఒక ఇంట్లో ఊట పోయిందని నేనే చెప్పాను. వాళ్లు అప్పు చేసి కొత్త బోరు వేయించారు. పాత మోటారు పైకి లాగితే ఆరో పైపు కాలర్ (రెండు పైపులను కలిపే జాయింటు) కింద తుప్పు తిని చిటికెన వేలు పట్టే చిల్లు. నీళ్లు సగం మళ్లీ బోరులోకే పడుతున్నాయి. ఆ ఇల్లాలు ఆ పైపును చేత్తో తడిమి చూసి ఏమీ అనలేదు. ఆ రోజు నుంచి చెవి పెట్టకుండా నేను మాట చెప్పను.

బోరు మూత తీసి, మోటారు ఆగి ఉండగా వినండి. తర్వాత ఆన్ చేయించి వినండి. ఆన్ చేశాక మొదలై, ఆపిన కాసేపటికి ఆగే జలజల పైపు లీకే. మోటారు ఆపి గంటలైనా ఆగని చప్పుడు పై జాలు (రాతి పగుళ్లలోని ఊట) నుంచి పడే నీళ్లది, దానికి కంగారు వద్దు. ఆన్ చేశాక నీళ్లు పైకి రావడానికి మునుపటికన్నా ఎక్కువసేపు పట్టినా అనుమానించండి. అది పైపులో నీళ్లు వెనక్కి జారకుండా ఆపే నాన్ రిటర్న్ వాల్వు పోయినా జరుగుతుంది.

పైపులు లాగాక ఒక్కోటి తుడిచి, వెలుతురుకు పెట్టి చూడండి. చిల్లు పడ్డదానికి వెల్డింగ్ పెట్టించకండి, మార్చేయండి. అదే చేత్తో వాల్వు కూడా కొత్తది వేయండి.

త్రీ ఫేజ్ లైను పని జరిగాక ధార తగ్గితే మోటారు తిరగబడి తిరుగుతుండొచ్చు, ఎలక్ట్రీషియన్‌తో రెండు వైర్లు మార్పించండి. బోరు పైభాగంలో మట్టి కూలకుండా దించే కేసింగ్ పైపు పగిలితే బురద వస్తుంది. ఇవి అరుదు.

ఇవన్నీ చూశాకా ఊట నిజంగానే లేదంటే కొత్త బోరు. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి తీసుకోండి. బండివాళ్లతో లోతు పెరిగేకొద్దీ అడుగు రేటు ఎలా పెరుగుతుందో, కేసింగ్ లెక్కలో ఉందో లేదో ముందే రాయించుకోండి.

మోటారు దించిన రోజే బకెట్ నిండిన సెకన్లు, తేదీ స్టార్టర్ డబ్బా మూత లోపల మార్కర్‌తో రాసి పెట్టండి. వచ్చే ఏప్రిల్‌లో దానితో పోల్చి చూసి నాకు ఫోన్ చేయండి.