మానసిక జబ్బుల జన్యు పరిశోధనలోకి ఒక కుటుంబాన్ని తీసుకోవడం: వంశవృక్షం నుంచి డీఎన్‌ఏ దాకా

సీక్వెన్సింగ్‌లో, అంటే డీఎన్‌ఏ అక్షరాల వరస చదవడంలో, పొరపాటు జరిగితే మిగిలిన డీఎన్‌ఏతో మళ్ళీ చేయించుకోవచ్చు. వంశవృక్షంలో ఒకరిని రెండుసార్లు లెక్కపెట్టినా, ఫిట్స్ జబ్బును స్కిజోఫ్రెనియాగా రాసినా, ఆ తప్పు చివరి పట్టిక దాకా ఎవరి కంటా పడకుండా ప్రయాణం చేస్తుంది. అందుకే ఈ పనిలో అసలు శ్రమంతా ల్యాబ్ తలుపు తెరవక ముందే ఉంటుంది. కుటుంబాల దగ్గరికి వెళ్ళే సైకియాట్రీ పీజీలు, రీసెర్చ్ అసిస్టెంట్లు, సోషల్ వర్కర్ల కోసం ఇది.

ఎలాంటి కుటుంబం కావాలి

ముందు ఏం వెతుకుతున్నామో తేల్చుకోవాలి. 2022లో వెలువడిన అతిపెద్ద స్కిజోఫ్రెనియా అధ్యయనం 76,755 మంది రోగుల్నీ, 2,43,649 మంది జబ్బు లేనివాళ్ళనీ పోల్చి, జన్యువుల వరసలో 287 చోట్ల తేడాలు చూపింది. అందులో చాలావరకు జనంలో మామూలుగా కనిపించే తేడాలు, ఒక్కోటీ ముప్పును పెంచేది ఏ కొంచెమో. అలాంటివి ఒక్క ఇంట్లో వెతికితే దొరకవు. కుటుంబంలో వెతికేది అరుదైన, బలమైన మార్పును. అదే ఏడాది మరో అధ్యయనం 24,248 మంది రోగుల ఎక్సోములు (డీఎన్‌ఏలో ప్రొటీన్ల తయారీకి సంకేతాలిచ్చే భాగాలు) చదివి, అలాంటి మార్పులు బలంగా కనిపించే 10 జన్యువుల్ని గుర్తించింది.

కాబట్టి తీవ్రమైన జబ్బు ఉన్నవాళ్ళు కనీసం ఇద్దరు, అదీ దగ్గరి రక్తసంబంధీకులుగా ఉన్న ఇంటిని ఎంచుకోండి. ముగ్గురు, నలుగురు ఉంటే ఇంకా మంచిది. జబ్బు లేనివాళ్ళూ అంతే ముఖ్యం, కానీ వయసు చూడండి. యాభై దాటి ఆరోగ్యంగా ఉన్న పెదనాన్న రక్తం ఎంతో సమాచారమిస్తుంది. పదిహేడేళ్ళ చెల్లెలికి జబ్బు లేదని ఇవాళ రాస్తే అది ఇవాళ్టి మాట మాత్రమే. ఆమెను "తెలియదు" అనే గడిలో వేయాలి.

వంశవృక్షం గీయడం

పెద్ద కాగితం, పెన్సిలు, రబ్బరు తీసుకెళ్ళండి. కంప్యూటర్‌లోకి ఎక్కించడం తర్వాత. మగవాళ్ళకు చతురస్రం, ఆడవాళ్ళకు వృత్తం, జబ్బుంటే నింపడం, చనిపోతే అడ్డగీత, మొదట ఆస్పత్రికి వచ్చిన రోగి దగ్గర బాణం గుర్తు, మేనరికానికి జంట గీత. తరాలకు రోమన్ అంకెలు, మనుషులకు మామూలు అంకెలు ఇవ్వండి. పేర్లు వేరే కాగితంలో, వేరే బీరువాలో. కనీసం మూడు తరాలు. పోయిన కాన్పులు, పురిట్లో చనిపోయిన బిడ్డలు కూడా రాయాలి. అవి అడగనిదే ఎవరూ చెప్పరు. ఆ లెక్క మగవాళ్ళకు సరిగా తెలియదు, అమ్మమ్మనో మేనత్తనో అడగాలి.

మన ఇళ్ళలో ఎక్కువ తప్పులు వచ్చేది చుట్టరికాల దగ్గర. "మా అన్న" అంటే పెదనాన్న కొడుకు కావచ్చు, పెద్దమ్మ కొడుకు కావచ్చు. ప్రతిసారీ "ఒకే అమ్మ, ఒకే నాన్న బిడ్డలేనా?" అని అడిగి తీరాలి. రెండో సంబంధం పిల్లలు, పెంపకానికి వచ్చినవాళ్ళు, దత్తత వెళ్ళినవాళ్ళు ఈ ప్రశ్నతోనే బయటపడతారు. ఈ ప్రశ్న అందరి ముందూ వేయకండి. తల్లిని విడిగా కూర్చోబెట్టి అడగండి.

మేనరికం ఉంటే ఇంకా జాగ్రత్త. రోగి తల్లి తన సొంత మేనమామనే చేసుకుందనుకుందాం. రోగి "మా నాన్నమ్మకు మతి చలించింది" అంటాడు. తల్లి "మా అత్తగారికి" అంటుంది. పిన్ని "మా అమ్మమ్మకు" అంటుంది. ముగ్గురూ చెప్పేది ఒక్క మనిషి గురించే. మీ కాగితంలో ముగ్గురు జబ్బుమనుషులు తయారైతే ఆ కుటుంబం లెక్కంతా తప్పినట్టే. ప్రతి మనిషినీ ఒకే ఒక్క గుర్తుతో గీసి, అక్కడి నుంచే రెండు వైపులకూ గీతలు లాగండి. ఇలాంటి పెళ్ళిలో పుట్టిన బిడ్డ అంతఃప్రజనన గుణకం (ఒకే పూర్వీకుడి జన్యు కాపీ అమ్మ నుంచీ నాన్న నుంచీ రెండు వైపులా వచ్చే అవకాశం) 1/8, మేనత్త లేదా మేనమామ పిల్లల్ని చేసుకుంటే 1/16. ఈ అంకె పక్కనే రాసిపెట్టండి, డేటా వచ్చాక సరిచూసుకోవడానికి పనికొస్తుంది.

పుట్టిన ఊరు, మాతృభాష, తల్లి వైపూ తండ్రి వైపూ కులం అడగండి. ఎందుకు అడుగుతున్నారో వాళ్ళకు చెప్పండి. తరతరాలుగా కులంలోనే పెళ్ళిళ్ళు జరగడం వల్ల కొన్ని జన్యు మార్పులు కొన్ని సమూహాల్లోనే ఎక్కువగా నిలిచిపోయాయి. ఆర్యవైశ్యుల్లో బ్యూటిరైల్‌కోలినెస్టరేజ్ ఎంజైమ్ లోపం తెలిసిన ఉదాహరణ. ఆ లోపం ఉన్నవాళ్ళకు మత్తు ఇచ్చేటప్పుడు సక్సినైల్‌కోలిన్ వాడితే కండరాలు చాలాసేపు పనిచేయవు, ఊపిరి తీసుకోలేరు. కరెంటు చికిత్సకు వాడేది తరచూ ఆ మందే. కాబట్టి "ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ అయ్యాక ఊపిరి అందక మిషను మీద ఉంచారా?" అన్న ప్రశ్న మీ ఫారంలో ఉండాలి. ఇది పరిశోధనకే కాదు, ఆ మనిషి ప్రాణానికీ అవసరం.

జబ్బు గురించి అడగడం

"ఇంట్లో ఇంకెవరికైనా మానసిక జబ్బు ఉందా?" అంటే లేదనే చెబుతారు. జబ్బు పేరు కాకుండా నడవడి అడగండి. రోజుల తరబడి నిద్రపోకుండా తిరిగినవాళ్ళున్నారా? ఒంటరిగా మాట్లాడుకునేవాళ్ళు? అన్నంలో ఏదో కలిపారని తినడం మానేసినవాళ్ళు? ఇల్లు వదిలి వెళ్ళి తిరిగి రానివాళ్ళు? ఉన్నట్టుండి అప్పులు చేసి డబ్బు వెదజల్లినవాళ్ళు? "గాలి సోకింది", "ఎవరో చేతబడి చేశారు" అంటే వాదించకుండా, అప్పుడు ఆ మనిషి ఏం చేసేవాడో రాసుకోండి. హైదరాబాద్ వైపు "ఎర్రగడ్డకు తీసుకెళ్ళారా?", విశాఖ వైపు "వాల్తేరు ఆస్పత్రికి తీసుకెళ్ళారా?" అంటే వెంటనే అర్థమవుతుంది. కానీ ఆ మాట నలుగురిలో అనకండి. జాతరలో కాసేపు పూనకం వచ్చి, మర్నాడు మామూలుగా పనికి వెళ్ళే మనిషిని రోగిగా రాయకూడదు.

పురుగుల మందు తాగి, బావిలో పడి చనిపోయినవాళ్ళను విడిగా నమోదు చేయండి. ఆత్మహత్య అన్నంత మాత్రాన ఏ జబ్బు పేరూ అంటగట్టకూడదు.

మొదలైన వయసు అంటే మొదటిసారి ఆస్పత్రికి వెళ్ళిన వయసు కాదు, మొదటి లక్షణం కనిపించిన వయసు. రెండింటి మధ్య ఏళ్ళకేళ్ళు ఉండొచ్చు. సంవత్సరం గుర్తులేకపోతే 2003, 2015 గోదావరి పుష్కరాలు, 2004, 2016 కృష్ణా పుష్కరాలు, దివిసీమ వైపైతే 1977 ఉప్పెన ఆనవాళ్ళుగా పెట్టుకుని ముందా, తర్వాతా అని అడగండి. తేదీ దానంతటదే వస్తుంది.

మీరు స్వయంగా కలిసినవాళ్ళకు డిగ్స్ లేదా మిని వంటి ప్రామాణిక ఇంటర్వ్యూ పూర్తిగా చేయండి. చనిపోయినవాళ్ళ గురించి, దూరాన ఉన్నవాళ్ళ గురించి కనీసం ఇద్దరు బంధువుల్ని వేరువేరుగా అడగాలి. పాత చీటీలు, డిశ్చార్జి కాగితాలు ఫొటో తీసుకోండి. తర్వాత ఇద్దరు సైకియాట్రిస్టులు ఒకరి అభిప్రాయం ఒకరికి తెలియకుండా రోగనిర్ధారణ రాయాలి. ఇద్దరి మాటా కలవకపోతే మూడో సైకియాట్రిస్టు తేల్చాలి. మొదటి ఎపిసోడ్‌లో స్కిజోఫ్రెనియా అనుకున్నది నాలుగేళ్ళకు బైపోలార్‌గా తేలడం మామూలే. అందుకే ఒక్క విజిట్ మీద కాక, జబ్బు నడిచిన తీరు మొత్తం మీద నిర్ణయించాలి.

వేరే జబ్బులు మానసిక జబ్బు వేషంలో రావచ్చు. మేనరికపు ఇళ్ళలో విల్సన్ జబ్బును తప్పకుండా తోసిపుచ్చాలి. చేతుల వణుకు, మాట ముద్దగా రావడం, కామెర్ల చరిత్ర ఉంటే సెరులోప్లాస్మిన్ పరీక్ష, కంటి పరీక్ష చేయించండి. దానికి చికిత్స ఉంది, పరిశోధన పేరుతో ఆలస్యం చేయడం అన్యాయం. అంగిలి చీలిక, పుట్టుకతో గుండె జబ్బు, కాల్షియం తక్కువ కావడం కలిసి ఉంటే 22క్యూ11.2 డిలీషన్ (22వ క్రోమోజోములో చిన్న ముక్క లోపించడం) కోసం ముందే మైక్రోఅర్రే లేదా ఎంఎల్‌పీఏ అనే జన్యు పరీక్ష చేయించాలి. ఆ డిలీషన్ ఉన్న నలుగురిలో ఒకరికి సైకోసిస్ వస్తుంది.

సమ్మతి

ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా ఒక్క చుక్క రక్తం కూడా తీయకూడదు. సమ్మతి పత్రం తెలుగులో ఉండాలి, చదివి వినిపించాలి, చదువు రానివాళ్ళు వేలిముద్ర వేస్తే పరిశోధనతో సంబంధం లేని సాక్షి సంతకం కావాలి. రోగి ఉధృతంగా ఉన్నప్పుడు అడగకండి, కుదుటపడే దాకా ఆగండి. "మేం ఏం చేయబోతున్నామో మీ మాటల్లో చెప్పండి" అని అడిగితే అర్థమైందో లేదో తెలిసిపోతుంది. అన్నగారు సరేనంటే ఇల్లంతా సరేనన్నట్టు కాదు, ఒక్కొక్కరి సమ్మతీ విడివిడిగా ఉండాలి. సమ్మతి ఇవ్వగల స్థితిలో లేని మానసిక రోగిపై జరిపే పరిశోధనల విషయంలో 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం 99వ సెక్షన్‌లో ప్రత్యేక నిబంధనలు, రాష్ట్ర అథారిటీ అనుమతి ఉన్నాయి. వాటిని కమిటీతో ముందే మాట్లాడుకోండి.

పత్రంలో ఈ ప్రశ్నలకు వేర్వేరు గడులు పెట్టండి: నమూనా దాచుకోవచ్చా, వేరే పరిశోధకులకు ఇవ్వచ్చా, మళ్ళీ కలవచ్చా, చికిత్సకు పనికొచ్చే వేరే విషయం బయటపడితే చెప్పాలా. తండ్రి ఎవరన్న విషయంలో తేడా కనిపిస్తే అది ఎవరికీ చెప్పబోమని కూడా ముందే రాసి ఉండాలి.

రక్తం

ఒక్కొక్కరికి ఊదారంగు మూత ఈడీటీఏ ట్యూబులు రెండు, ఒక్కోదాంట్లో 3 నుంచి 5 మిల్లీలీటర్లు. ఆకుపచ్చ మూత హెపారిన్ ట్యూబు వద్దు, డీఎన్‌ఏకు నకళ్ళు తీసే పీసీఆర్‌ను హెపారిన్ అడ్డుకుంటుంది. రక్తం పట్టగానే ట్యూబును 8 నుంచి 10 సార్లు మెల్లగా తలకిందులు చేయండి. కుదిపితే కణాలు పగులుతాయి, చేయకపోతే గడ్డకడుతుంది. గడ్డకట్టిన ట్యూబులోంచి డీఎన్‌ఏ వస్తుంది గానీ చాలా తక్కువ.

లేబుల్ రక్తం తీశాక, ఆ మనిషి ముందే అతికించాలి. ముందే లేబుళ్ళు అంటించిన ట్యూబులతో ఒకే గదిలో ఆరుగురు అన్నదమ్ములకు రక్తం తీస్తే, ఇద్దరివి తారుమారు కావడం చాలా తేలిక. అన్నదమ్ముల ట్యూబులు మారితే లింగ పరీక్షలోనూ బయటపడదు.

ట్యూబుల్ని ఐస్ బాక్సులో పెట్టండి, కానీ ఐస్ ప్యాకుకు తగలనీయకండి. మధ్యలో అట్ట గానీ మందపాటి గుడ్డ గానీ ఉండాలి. తగిలిన చోట రక్తం మంచులా గడ్డకట్టి ఎర్రకణాలు పగులుతాయి, అందులోంచి వచ్చే హీమ్ కూడా పీసీఆర్‌ను పాడుచేస్తుంది. మే నెలలో కర్నూలు నుంచో ఖమ్మం నుంచో వస్తుంటే బాక్సును కారు డిక్కీలో కాక, ఏసీ ఉన్న సీటు దగ్గర పెట్టుకోండి. 4 డిగ్రీల ఫ్రిజ్‌లో నాలుగైదు రోజుల్లోపు డీఎన్‌ఏ తీసేయడం మేలు. ఆలస్యమయ్యేట్టుంటే మైనస్ 80లో పెట్టండి, కానీ ఒకసారి కరిగించింది మళ్ళీ గడ్డకట్టించకండి.

డీఎన్‌ఏ

ఉప్పుతో ప్రొటీన్‌ను వేరుచేసే సాల్టింగ్ అవుట్ పద్ధతి చవక, నమ్మకమైనది. ఎర్రకణాలు పగలగొట్టే బఫర్ వేసి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, అడుగున తెల్లకణాల ముద్ద మిగిలేదాకా కడగాలి. ముద్ద ఎర్రగా ఉంటే ఇంకోసారి కడగండి, తొందరపడితే తర్వాత ఏ దశలోనూ ఆ రంగు పోదు. ఎస్‌డీఎస్, ప్రొటీనేజ్ కే కలిపి రాత్రంతా 37 డిగ్రీల్లో ఉంచి, మర్నాడు 6 మోలార్ ఉప్పు ద్రావణం పోసి గట్టిగా కుదిపి తిప్పితే ప్రొటీన్ అడుగుకు పోతుంది. పైద్రవంలో చల్లని ఆల్కహాల్ పోస్తే తెల్లటి దారపు పోగులా డీఎన్‌ఏ తేలుతుంది. 70 శాతం ఆల్కహాల్‌తో కడిగి, ఆరబెట్టి, టీఈ బఫర్‌లో కరిగించండి. ఎముకలా ఎండనిస్తే కరగడానికి రోజులు పడుతుంది.

నానోడ్రాప్ అనే కాంతి కొలత యంత్రంలో 260/280 నిష్పత్తి 1.8 దగ్గర ఉండాలి. బాగా తగ్గితే ప్రొటీన్ మిగిలింది. 260/230 తగ్గితే వేరే మలినాలు మిగిలాయి, మళ్ళీ కడగండి. నానోడ్రాప్ ఆర్‌ఎన్‌ఏను కూడా కలిపి ఎక్కువ చూపిస్తుంది, పంపే ముందు క్యూబిట్‌తో కొలవండి. 0.8 శాతం అగరోజ్ జెల్‌లో పైన ఒకే గట్టి పట్టీ కనిపించాలి. కిందిదాకా పొగలా జారితే డీఎన్‌ఏ ముక్కలైంది. మూడు భాగాలు చేసి, ఒకటి వాడకానికి, రెండు వేర్వేరు ఫ్రీజర్లలో పెట్టండి. అన్నీ ఒకే ఫ్రీజర్‌లో పెడితే ఒక్కసారి కరెంటు పోతే అంతా పోయినట్టే.

డేటా వచ్చాక

ప్లేటు అమరికలో రోగుల్ని ఒక ప్లేటులో, మిగతావాళ్ళను ఇంకో ప్లేటులో పెట్టారంటే ప్లేట్ల మధ్య తేడాయే జబ్బు తేడాలా కనిపిస్తుంది. కలిపి పెట్టండి.

మొదట ప్లింక్ అనే ప్రోగ్రాంతో లింగం సరిచూడండి. తర్వాత కింగ్ అనే ప్రోగ్రాంతో చుట్టరికాలు చూడండి, అది ఇచ్చే చుట్టరిక గుణకం చూడాలి. తల్లిదండ్రులు–బిడ్డ, తోబుట్టువులు 0.25 దగ్గర, మేనమామ–మేనకోడలు 0.125 దగ్గర, మేనబావ–మరదలు 0.0625 దగ్గర రావాలి. మేనరికపు ఇళ్ళలో ఇంతకన్నా ఎక్కువే వస్తాయి, అందుకే ఆ 1/8, 1/16 అంకెలు పక్కన రాసుకోమన్నది. అంకె కలవకపోతే ముందు అనుమానించాల్సింది ట్యూబుల తారుమారును, తర్వాత మీ వంశవృక్షాన్ని. ఆ ఇంటి ఆడవాళ్ళను కాదు.

మార్పు దొరికాక, అది జనంలో ఎంత అరుదో యూరప్ డేటాబేస్ ఒక్కటే చూసి తేల్చకండి. అక్కడ లేనిది మన దగ్గర మామూలుగా ఉండొచ్చు. ఎంవైబీపీసీ3 జన్యువులో 25 అక్షరాల డిలీషన్ భారతీయుల్లో దాదాపు 4 శాతం మందిలో ఉంది, ఐరోపాలో దాదాపు కనిపించదు. భారతీయుల జన్యు సమాచారం సేకరించిన జీనోమ్‌ఇండియా డేటాతో, ఆ కులానికే చెందిన ఆరోగ్యవంతులతో పోల్చండి. పాతకాలంలో సెరొటోనిన్ ట్రాన్స్‌పోర్టర్ లాంటి జన్యువు ఒకదాన్ని ముందే ఎంచుకుని, వందమందితో "డిప్రెషన్ జన్యువు" దొరికిందని రాసిన ఫలితాలు పెద్ద అధ్యయనాల్లో నిలవలేదు. డీఎన్‌ఏ అంతటా వెతికే విస్తృత అన్వేషణకు హద్దు పి విలువ (ఫలితం కాకతాళీయమా అని తూచే అంకె) 5×10⁻⁸. అంతకన్నా తక్కువ రాకపోతే రాయకండి. యూరప్ వాళ్ళ మీద తయారైన పాలీజెనిక్ స్కోరు (ఎన్నో చిన్న జన్యు తేడాల ముప్పును కలిపి వేసే లెక్క) మనవాళ్ళలో సరిగా పనిచేయదు, దాన్ని చూసి ఏ ఒక్కరికీ జోస్యం చెప్పకూడదు.

ఇంటివాళ్ళు అడిగేది ఒకటే: "అమ్మాయికి సంబంధం చూస్తున్నాం, దానికీ వస్తుందా అండీ?" స్కిజోఫ్రెనియా మామూలుగా నూటికి ఒకరికి వస్తుంది, తల్లికో తండ్రికో ఉంటే బిడ్డల్లో నూటికి సుమారు పదిమందికి, అంటే తొంభైమందికి రాదు. ఇది సగటు లెక్క అని చెప్పండి. కుటుంబంలో బలమైన మార్పు దొరికితే జెనెటిక్ కౌన్సెలర్ దగ్గరికి పంపండి, అంతకు ముందు గుర్తింపు పొందిన క్లినికల్ ల్యాబ్‌లో కొత్త రక్తంతో నిర్ధారించుకోవాలి. సంబంధం చూడ్డానికి వచ్చినవాళ్ళకు గానీ, దగ్గరి బంధువులకు గానీ ఆ వంశవృక్షం చూపించకండి. ఒక్కొక్కరు చెప్పింది వాళ్ళకే పరిమితం.

రెండేళ్ళకోసారి ఫోన్ చేసి వంశవృక్షం తిరగరాయండి. "తెలియదు" గడిలో ఉన్న పిల్లలకు వయసు వస్తుంది, కొందరి రోగనిర్ధారణ మారుతుంది. మార్చిన తేదీ, మార్చినవాళ్ళ సంతకం ఉండాలి, పాత కాపీ పారేయకూడదు.