కుక్కను పెరట్లోకి ఒంటరిగా వెళ్ళేలా అలవాటు చేయడం

మీరు పక్కన నిలబడితేనే పెరట్లో మూత్రం పోసే కుక్కను ఉన్నట్టుండి ఒంటరిగా బయటికి పంపి తలుపు వేస్తే, అది వెళ్ళిన పని మరచి గడప దగ్గరే తలుపు గోకుతూ కూర్చుంటుంది. లోపలికి రాగానే చాప తడుపుతుంది. తప్పు దానిది కాదు, తొందర మనది.

ముందుగా ప్రహరీ గోడలోని కంతలను, గేటు కింది సందును మూయించండి. ఆ తరువాత నిద్ర లేవగానే, అలాగే తిన్న 15 నుంచి 30 నిమిషాల లోపు, గొలుసు పట్టుకుని రోజూ ఒకే మూలకు, జామచెట్టు మొదటికే అనుకోండి, తీసుకువెళ్ళాలి. పని ముగించిన మరుక్షణం అక్కడికక్కడే, ఎముక లేని, ఉప్పుకారం వేయకుండా ఉడికించిన చిన్న కోడిమాంసం ముక్క పెట్టండి. ఇంట్లోకి వచ్చాక పెడితే, లోపలికి పరుగెత్తినందుకే అది దక్కిందని కుక్క అనుకుంటుంది.

అలవాటు కుదిరాక గొలుసు విప్పి రెండడుగులు వెనక్కి జరగండి. నాలుగైదు రోజులు సాఫీగా సాగితే మరో రెండడుగులు, ఆపై మెట్ల మీదికి, చివరకు గుమ్మం లోపలికి. మధ్యలో అది మీ వెంటే తిరిగి వచ్చేస్తే, కసరకుండా, కిందటి దూరం నుంచే మళ్ళీ మొదలుపెట్టాలి. వేసవి మధ్యాహ్నం మాత్రం నాపరాళ్ళ మీద చేయి ఆనించి చూసి, మీకు చురుక్కుమంటే దాన్ని నీడలోనే పంపండి.