పాత కారు వెనక గరగర – మూడో పాఠం: గాల్లో తిరిగే చక్రం

పోయిన పాఠంలో వెనక చక్రాన్ని జాకీ మీద లేపి చేత్తో తిప్పి చూడమన్నాను. చేసినవాళ్లలో సగం మంది "రెండు పక్కలా బరబరమంటోంది" అన్నారు. మిగతా సగం "చప్పుడే లేదు, అంటే బేరింగులు (చక్రం సాఫీగా తిరగడానికి లోపల గాడిలో గోళీలతో ఉండే కట్టు) బాగున్నట్టే కదా, మరి రోడ్డెక్కితే తిరగలి విసిరినట్టు ఆ మోతేంటి?" అన్నారు. తప్పు కొంత నాదే, తొందరలో రాశాను.

మొదటి సగానిది చిన్న సంగతి. హ్యాండ్ బ్రేక్ దించి ఉండరు. లేదా దించినా, తుప్పు పట్టిన కేబుల్ పూర్తిగా వెనక్కి వచ్చి ఉండదు. లైనర్లు (బ్రేకు వేస్తే చక్రాన్ని ఆపే పట్టీలు) డ్రమ్ముని, అంటే చక్రంతో పాటు తిరిగే ఇనప గిన్నెని, రాసుకుంటే బరబరే. మారుతీ 800, ఆల్టోలకి ఇంజను లాగేది ముందు చక్రాల్ని కాబట్టి ఫస్ట్ గేరు వేసి, ముందు చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టి, హ్యాండ్ బ్రేక్ దించండి. ఓమ్నీ వ్యానులో ఇంజను లాగేది వెనక చక్రాల్ని, గేరు వేస్తే మీరు తిప్పాల్సిన చక్రమే బిగుస్తుంది. దానికి న్యూట్రల్, కింద ఉన్న చక్రాలన్నిటికీ రాళ్లు.

ఇక రెండో సగం. "లేపి తిప్పితే నిశ్శబ్దం, కాబట్టి బేరింగు మంచిది" అనే మాట నాకు ఒళ్లుమంట. మారుతీ 800 టైరు 145/70 ఆర్12. చుట్టుకొలత సుమారు 1.6 మీటర్లు. గంటకి 50 కిలోమీటర్ల వేగంలో ఆ చక్రం నిమిషానికి 520 చుట్లు తిరుగుతుంది. మీరు చేత్తో ఎంత తిప్పినా వంద దాటదు. పైగా రోడ్డు మీద ఒక్కో వెనక చక్రం మీద వంద కేజీలకి పైనే బరువుంటుంది. జాకీ మీద ఆ బరువంతా పోయి, మిగిలేది చక్రం బరువే. బేరింగు గాడిలో గుంట పడితే గోళీ దాన్ని గట్టిగా కొట్టేది బరువు ఉన్నప్పుడే. బరువు తీసేసి మోత లేదనడం, నెత్తిన బిందె దించేసి మెడ నొప్పి లేదన్నట్టు. చక్రం పైనా కిందా పట్టుకుని ఊపితే ఆడట్లేదు అనేది కూడా రుజువు కాదు. గాడి గుంటపడ్డా ఊపు రాకపోవచ్చు.

నేను చేసేది ఇది: ఒకరు చక్రం తిప్పుతుంటే నేను ఆ పక్క స్ప్రింగు మీద అరచేయి ఆనిస్తాను. జాకీ ఒక్కదాన్నే నమ్మను, బండి కింద ఆనించే ఇనప స్టాండు ఉండాల్సిందే. చెవికి అందని గరుకు వేళ్లకి సన్నటి జలదరింపులా తెలుస్తుంది. రెండు పక్కలా చూసి పోల్చండి. ఒక పక్కే చూస్తే ఏమీ తేలదు.

తర్వాత రోడ్డు మీద పరీక్ష. ఖాళీ రోడ్డులో 40 కిలోమీటర్ల వేగంలో మెల్లగా ఎడమకి తిప్పితే బరువు కుడి చక్రాల మీదకి వాలుతుంది. అప్పుడు మోత పెరిగితే అనుమానం కుడి బేరింగు మీద. కుడికి తిప్పితే దీనికి తలకిందులు. మోత ఏ పక్కనుంచి వస్తోందో చెవితో తేల్చబోకండి, రేకు శబ్దాన్ని అటూ ఇటూ మోసుకుపోతుంది. చెవిని నమ్మి నేనొకసారి ఎడమ బేరింగు మార్చాను. పోయింది కుడిది.

తారు రోడ్డు నుంచి సిమెంటు రోడ్డు ఎక్కగానే మోత తీరు మారితే అది టైరు. ముందువీ వెనకవీ మార్చి వేసి చూడండి, మోత కూడా చోటు మారుతుంది. ఇది పైసా ఖర్చు లేని పరీక్ష, నిజానికి మొదట చెప్పాల్సింది.

ఓమ్నీ, అంబాసిడర్ వాళ్లకి ఒక్క మాట: యాక్సిలరేటర్ నొక్కితే ఒక రకంగా, వదిలితే ఇంకో రకంగా మోత వస్తే ముందు వెనక ఇరుసు మధ్యలో గేర్లుండే డబ్బాలో (హౌసింగు) ఆయిలు చూడండి. వాన రోజుల్లో వారం కదలని బండి మొదటి నాలుగు బ్రేకులకి కరకరమంటే అది డ్రమ్ములో తుప్పు, వదిలేయండి.

అభ్యాసం: ఒకే రోడ్డు, అద్దాలు మూసి, స్టెప్నీ, జాకీ, పానాలు ఇంట్లో దించేసి. 20, 40, 60 వేగాల్లో ఒకసారి గేరులో, ఒకసారి క్లచ్ నొక్కి. 40 దగ్గర ఎడమా కుడీ కూడా. వెనక సీట్లో ఒకరిని కూర్చోబెట్టి కాగితం మీద రాయించండి, మీరు రాయకండి. రెండు వేర్వేరు రోజుల కాగితాలు ఒక్కలాగే ఉంటేనే డ్రమ్ము విప్పే పాఠానికి రండి. అప్పుడు కూడా లోపలి పొడిని నోటితో ఊదకండి, పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. తడిగుడ్డ తెచ్చుకోండి.