లిక్విడ్ మెటల్ కలెక్టర్ దగ్గర వోల్టేజ్ పోతోందా?

మహబూబ్‌నగర్‌లోని మా ల్యాబులో హోమోపోలార్ మోటారు (అయస్కాంతం దగ్గర కరెంటు పారే డిస్కు తిరిగే డీసీ మోటారు) ప్రాజెక్టు చేసే పిల్లలు తరచూ ఒకే మాటతో వస్తారు: "సార్, మొన్నటిదాకా బాగా తిరిగింది, ఇప్పుడు కరెంటు తీసుకోవట్లేదు. మెటల్ పాడైంది." సూపర్‌కండక్టింగ్ (నిరోధం లేకుండా కరెంటు పారే) కాయిల్ ఉన్న డీసీ యంత్రాల్లో లిక్విడ్ మెటల్ కలెక్టర్, అంటే తిరిగే భాగానికి ద్రవ లోహం ద్వారా కరెంటు అందించే అమరిక, ఎందుకు పెడతారో వాళ్లకు తెలుసు. డిస్కు మీద పుట్టే వోల్టేజ్ తక్కువ, కరెంటు వేల ఆంపియర్లు. కార్బన్ బ్రష్ దగ్గర ఒక వోల్టు పోయినా నష్టమే. మా బల్ల మీద సూపర్‌కండక్టింగ్ కాయిల్ బదులు మామూలు అయస్కాంతం ఉంటుంది. కలెక్టర్ మాత్రం అదే తీరు: గాడిలో గాలియం-ఇండియం ద్రవ మిశ్రమం, అందులో తిరిగే రాగి రింగు.

మెటల్ ముట్టుకునే ముందు మీటరును మిల్లీవోల్టులో పెట్టి, కరెంటు పారుతుండగానే ఒక్కో జాయింటు చూడండి. లగ్గు (వైరు చివర బిగించే లోహపు ముక్క), బస్‌బార్ (కరెంటు మోసే లోహపు పట్టీ), గాడి, రింగు. దయచేసి ఇది వదిలేయకండి. 200 ఆంపియర్ల దగ్గర 0.1 వోల్టు పోతే అక్కడ 20 వాట్ల వేడి. చాలాసార్లు బోల్టు లూజు, అంతే.

గాడికీ రింగుకూ మధ్యే పోతుంటే, పైన బూడిద రంగు పొర చూడండి. అది గాలి తగిలి పుట్టిన ఆక్సైడ్. గ్లౌజులు, కళ్లద్దాలు పెట్టుకుని, పలచని హైడ్రోక్లోరిక్ యాసిడ్‌తో తీసేయండి. కడిగి, పూర్తిగా ఆరబెట్టి, గాలి తగలకుండా నైట్రోజన్ వాయువు కింద నడపండి.

యాసిడ్ తర్వాత రెండు మూడు రోజులు బాగుండి మళ్లీ మొదటికొచ్చిందా? అయితే వేరే కారణం వెతకాలి. దీంతో నేను వారాలు పోగొట్టుకున్నాను. రాగి మెల్లగా గాలియంలోకి దిగి, రెండూ కలిసి గట్టి గింజలవుతాయి. కంటికి ఆక్సైడ్ ముద్దలాగే ఉంటుంది. గాజు కడ్డీతో కలిపితే మాత్రం జొన్న రవ్వలా గరగరమంటుంది, యాసిడ్‌కు కరగదు. నేను చేసిన తప్పు, ప్రతిసారీ రింగును ఎమరీ పేపర్‌తో మెరిసేలా రుద్దడం. రుద్దిన కొద్దీ కొత్త రాగి బయటపడి గాలియానికి ఇంకా సులువుగా దొరికింది! రింగుకు నికెల్ పూత వేయించండి. పూత ఉన్నా లెన్స్‌తో చూడండి, స్క్రూడ్రైవర్ గీత ఒక్కటి చాలు, అక్కడే మొదలవుతుంది. గీత పడితే మళ్లీ పూతే, రుద్దడం వద్దు. ఆ మెటల్‌ను పారేయకుండా సన్నని గుడ్డలో వేసి పిండితే గింజలు గుడ్డలో మిగిలి, మంచిది కిందికి దిగుతుంది.

అల్యూమినియం భాగం ఏదైనా దగ్గర్లో ఉంటే మార్చేయండి, గాలియం దాన్ని పెళుసు చేస్తుంది. చలికాలం పొద్దున తిరగకపోతే థర్మామీటరు చూడండి. ఈ మిశ్రమం కరిగేది సుమారు 15.7 డిగ్రీల దగ్గర. కాస్త వేడి చేసి తిప్పండి.