పొత్తిగుడ్డ విప్పి అరికాళ్లు చూడండమ్మా

టంగుటూరు దగ్గర పల్లెలో ఆశా కార్యకర్తను నేను. ఆసుపత్రిలో కాన్పయి వచ్చిన బాలింత ఇంటికి 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో వెళ్లి బిడ్డను చూస్తాం. మధ్య రోజుల్లో చూసుకోవాల్సింది మీరే.

ముందు ఒంటి రంగు. ట్యూబ్‌లైటు కింద సరిగా తెలియదు. పగటిపూట వాకిలి దగ్గర కూర్చుని, బిడ్డ నుదుటి మీద వేలితో మెల్లగా నొక్కి తీయండి. నొక్కినచోట పచ్చగా కనపడితే కామెర్లు. రెండు మూడు రోజులకు ముఖం కాస్త పచ్చబడటం చాలామంది బిడ్డల్లో ఉండేదే, రెండు వారాల్లో తగ్గుతుంది. కానీ పుట్టిన 24 గంటల్లోపే పచ్చబడినా, అరచేతులు, అరికాళ్లకు పాకినా ఆగకండి, ఆసుపత్రికి తీసుకెళ్లండి. మరీ పెరిగితే మెదడు దెబ్బతింటుంది. పొద్దుటెండలో పడుకోబెడితే పోతుందిలే అని కూర్చోవద్దు.

పొగాకు బ్యారన్లు, అంటే ఆకును వేడికి ఆరబెట్టే గదులు, కాల్చే రోజుల్లో ఒకింటికి వెళ్లాను. ఇంటిల్లిపాదీ పనిలో ఉన్నారు. "బంగారు తల్లి, ఏడుపే లేదు. పాలకి కూడా లేవదు" అని నాయనమ్మ మురిసిపోతోంది. ఆ మాటకే నా గుండె జారింది. పొత్తిగుడ్డ విప్పితే అరికాళ్లు పసుపు పూసినట్టున్నాయి. పాదం గిల్లినా చిన్నగా మూలిగింది, అంతే. వెంటనే 108 పిలిచి ఒంగోలు పంపించాం. రెండు రోజులు కామెర్లు తగ్గించే నీలం లైటు కింద పెట్టారు, బిడ్డ దక్కింది.

పాలకు లేవని బిడ్డ బుద్ధిమంతురాలు కాదమ్మా, నీరసపడిన బిడ్డ. రాత్రీ పగలూ కలిపి కనీసం 8 సార్లు తాగాలి. ఐదో రోజు దాటాక రోజుకు 6 సార్లయినా ఉచ్చ పోయాలి. మధ్యలో నీళ్లు, తేనె, గ్రైప్‌వాటర్ ఏవీ వద్దు.

ఊపిరి లెక్కపెట్టడం నేర్చుకోండి. బిడ్డ నిద్రలో ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, ఫోన్‌లో టైం పెట్టుకుని పొట్ట ఎన్నిసార్లు లేస్తుందో నిమిషం నిండా లెక్కపెట్టాలి. అర నిమిషం చూసి రెట్టింపు చేయొద్దు, పసిబిడ్డ ఊపిరి ఒక్కతీరుగా ఉండదు. 60 లేదా ఎక్కువ వస్తే మళ్లీ లెక్కపెట్టండి. అప్పుడూ అంతే ఉంటే ఆసుపత్రికి. డొక్కలెగరేస్తుంటే లెక్క కూడా వద్దు, బయల్దేరండి.

చంకలో థర్మామీటర్ 99.5 దాటినా, ఒళ్లు చల్లబడినా, ఫిట్స్ వచ్చినా, బొడ్డు చుట్టూ ఎర్రబడి చీము పట్టినా అంతే.

దారిలో బిడ్డను ఎదకు ఆనించుకుని పైన దుప్పటి కప్పుకోండి. తాగగలిగితే పాలు ఇస్తూనే ఉండండి.