ఐరోపా పౌరసత్వ తీర్పులు చదవడం ఎలా? పాఠం 3: చిన్న పని, పెద్ద హక్కు

కిందటి పాఠంలో, నేటి ఐరోపా యూనియన్‌కు పునాది వేసిన 1957 నాటి రోమ్ ఒప్పందం 48వ అధికరణం చదివాం. ఒక సభ్యదేశపు పౌరులు మరో సభ్యదేశానికి వెళ్లి పని చేసుకోవచ్చని అది చెబుతుంది. కానీ కార్మికులంటే ఎవరో ఒప్పందంలో ఎక్కడా రాయలేదు. అది తేల్చింది లక్సెంబర్గ్‌లోని ఐరోపా న్యాయస్థానం. అందుకే తీర్పులు చదవడం నేర్చుకోవాలి.

తీర్పు తెరవగానే చివరి పేరాకు వెళ్లిపోకండి. ముందు మనిషిని వెతకండి. ఏ దేశపు పౌరులు, ఎక్కడ ఉంటున్నారు, ఏం అడిగారు, ప్రభుత్వం ఎందుకు కాదంది? ఆ తర్వాతే జవాబు చూడండి. జవాబుకు కోర్టు పెట్టిన హద్దును విడిగా రాసుకోండి.

1982 నాటి లెవిన్ కేసు తీసుకుందాం. ఆమె బ్రిటిష్ పౌరురాలు (అప్పట్లో బ్రిటన్ కూడా సభ్యదేశమే), భర్త దక్షిణాఫ్రికా వారు. నెదర్లాండ్స్‌లో నివాస అనుమతి అడిగితే ఇవ్వలేదు. ఆమెది హోటల్ గదులు శుభ్రం చేసే పార్ట్‌టైమ్ పని. ఆ జీతం అక్కడ బతకడానికి కనీసం కావాలనుకున్న మొత్తానికి తక్కువ. పైగా, అక్కడ ఉండిపోవడానికే ఈ పనిలో చేరారా అన్న అనుమానం.

కోర్టు జవాబు: జీతం తక్కువైనా ఆమె కార్మికురాలే. ఏ ఉద్దేశంతో వచ్చారన్నది అనవసరం. హద్దు: పని నిజంగా జరుగుతుండాలి, నామమాత్రంగా ఉంటే చాలదు.

నా దృష్టిలో ఈ తీర్పుకు ప్రాణం కోర్టు చెప్పిన కారణంలో ఉంది. ఏ దేశానికాదేశం తన కనీస వేతనాన్ని కొలబద్దగా పెట్టుకుంటే, హక్కు సరిహద్దు దాటగానే మారిపోతుంది. అలా కాకూడదనే అందరికీ ఒకే అర్థం ఖాయం చేసింది.

లెవిన్ భర్తలా సభ్యదేశపు పౌరులు కాని జీవిత భాగస్వాముల సంగతి మనవాళ్లకూ పనికొస్తుంది. జర్మన్ పౌరురాలిని పెళ్లాడిన తెలుగు అబ్బాయి ఆమెతో నెదర్లాండ్స్‌కు వెళ్తే, అక్కడ ఉండే హక్కు అతనికి ఆమె హక్కు ద్వారానే వస్తుంది. ఆమె జర్మనీ దాటి ఎక్కడికీ వెళ్లకపోతే మామూలుగా జర్మన్ చట్టమే వర్తిస్తుంది.

1986లో కెంప్ఫ్ కేసు ఇంకో అడుగు వేసింది. వారానికి 12 పాఠాలు చెప్పే జర్మన్ సంగీత ఉపాధ్యాయుడు నెదర్లాండ్స్ ప్రభుత్వ సాయం తీసుకుంటున్నా కార్మికుడేనంది.

అభ్యాసం: మాస్ట్రిక్ట్ ఒప్పందం 1993 నవంబరు 1న అమల్లోకి వచ్చి, సభ్యదేశాల పౌరులందరికీ ఐరోపా యూనియన్ పౌరసత్వాన్ని తెచ్చింది. తర్వాత బెల్జియంలో చదువుతున్న ఫ్రెంచ్ విద్యార్థి గ్జెల్చిక్, మూడేళ్లు చిన్నచిన్న పనులతో నెట్టుకొచ్చి, చివరి ఏడాది కనీస జీవన భృతి అడిగాడు. అదే స్థితిలో ఉన్న బెల్జియం విద్యార్థికి అది దక్కేది. 2001లో కోర్టు అతని వైపే నిలిచింది. పై పద్ధతిలోనే ఆ తీర్పు చదివి, అతన్ని కార్మికుడిగా గెలిపించిందా, పౌరుడిగానా అన్నది మీ నోటుబుక్కులో రాయండి. వచ్చే పాఠంలో, యూనియన్ పౌరులు మరో సభ్యదేశంలో ఉండే హక్కు గురించిన 2004 నాటి యూనియన్ ఆదేశం (డైరెక్టివ్), అందులోని మూడు నెలల, అయిదేళ్ల గడువులు చూద్దాం.