లంక ఊళ్లో మంచం పట్టిన మనిషికి నొప్పి తెలియకుండా చూసుకోవడం

క్యాన్సర్ ముదిరిన మనిషిని "ఇక ఇంటికి తీసుకువెళ్లండి" అన్నారంటే వైద్యం అయిపోయినట్లు కాదు. జబ్బు మీద వైద్యం ఆగినా బాధ మీద వైద్యం, అంటే పాలియేటివ్ కేర్, చివరిదాకా సాగాలి. అసలు జబ్బు తెలిసిన నాటి నుంచే మొదలుపెట్టి ఉంటే ఇంకా మేలు.

ముందుగా నొప్పిని కొలవాలి. పదికి ఎంత అంటే తేల్చుకోలేని పెద్దవారు, "రూపాయికి ఎన్నణాల నొప్పి?" అని అడిగితే "పన్నెండణాలుంది" అని చప్పున చెబుతారు. మందు వేసిన గంటకు మళ్లీ అడిగి, రెండు లెక్కలూ నోటుబుక్కులో రాసి ఉంచితే మోతాదు సర్దడం డాక్టరుకు తేలికవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లో చెప్పిన పద్ధతి ప్రకారం మందును గడియారం చూసి వేయాలి గాని, మూలుగు విని కాదు. తీవ్రమైన నొప్పికి ఇచ్చే మామూలు మార్ఫిన్ మాత్ర సుమారు నాలుగు గంటలు పనిచేస్తుంది. నొప్పి లేచేదాకా ఆగితే మందు అందుకునేలోగా మనిషి నలిగిపోతాడు. అలవాటు పడతారేమోనని మాత్రలు దాచేవారున్నారు గాని, డాక్టరు చెప్పినట్లు నొప్పికి వాడే మార్ఫిన్ వ్యసనంగా మారడం అరుదు. మలబద్ధకం మాత్రం దాదాపు తప్పదు కనుక విరేచనం సాఫీగా అయ్యే మందును మొదటి రోజే రాయించుకోవాలి. లేపినా లేవనంత మత్తు కమ్మినా, ఊపిరి బాగా నెమ్మదించినా తరువాతి మాత్ర వేయకుండా వెంటనే డాక్టరుకు ఫోన్ చేయాలి.

మార్ఫిన్ ప్రతి మందుల షాపులోనూ దొరకదు. అందుచేత వరదల కాలంలో, భద్రాచలం దగ్గర గోదావరి నీటిమట్టం 43 అడుగులకు చేరి మొదటి హెచ్చరిక ఇచ్చారని వినగానే, ఆ నీరు ధవళేశ్వరం దాటి మన రేవులో పంటు ఆగిపోకముందే, వారం పది రోజుల మందు ఇంట్లో ఉండేలా చూసుకోవాలి.

మన ఉక్కపోతకు వీపు చెమ్మగిల్లి పుండ్లు త్వరగా పడతాయి. రెండు గంటలకోసారి పక్కకు తిప్పి, మోకాళ్ల నడుమ దిండు పెట్టి, దుప్పటిలో ఒక్క మడత కూడా లేకుండా అరచేత్తో సాపు చేయాలి. ఆయాసం వస్తే వీపు వెనుక దిండ్లు ఎత్తి కూర్చోబెట్టి, తాటాకు విసనకర్రతో ముఖానికి గాలి తగిలేలా విసిరితే చాలామందికి ఊరట కలుగుతుంది.

చివరి రోజుల్లో ఆకలి తగ్గడం సహజం. గంజి పోయకపోతే పాపమని బలవంతంగా పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. తడి దూదితో పెదవులు, నోరు తుడిస్తే చాలు. గొంతులో గురగురమంటే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. మాత్ర మింగలేకపోయినంత మాత్రాన నొప్పి మందు మానేయకూడదు. మరో విధంగా ఎలా ఇవ్వాలో మింగగలిగిన రోజుల్లోనే డాక్టరును అడిగి, అదే నోటుబుక్కులో రాసి ఉంచుకోవాలి.